గోతిలో బండ, కట్ట మీద రాయి

నిమ్మవాగు అడవిలో వానాకాలం మూడు నెలలూ నీళ్ళే నీళ్ళు, మిగతా తొమ్మిది నెలలూ ఇసుకే ఇసుక. వాగుకి అడ్డంగా ఓ కట్ట వేస్తే అడవంతా బతుకుతుందని లేళ్ళు చెప్పాయి, కుందేళ్ళు చెప్పాయి, చెప్పీ చెప్పీ ముసలివైపోయాయి. చివరికి ఓ ఎండాకాలం సింహం తాగే మడుగు కూడా ఎండింది. మర్నాడే దర్బారు కట్ట మంజూరు చేసింది. దాహం వేస్తే సర్కారు ఎంత చురుగ్గా కదులుతుందో అడవి ఆ రోజే చూసింది.

టెండరు పైడన్న అనే ఎద్దుకి దక్కింది. మెడ మీద కాడి కాయలు కాసిన పెద్దెద్దు. జీవితంలో ఒకరికి గడ్డిపరక బాకీ పడలేదు. వాగు ఎగువన అతనికో గడ్డిబీడు ఉంది. ముప్పై తలల మంద ఆ బీడు మీదే మేస్తుంది, ఆ బీడు మీదే ఈనుతుంది, ముసలిదై ఆ బీడు మీదే కన్నుమూస్తుంది. పైడన్నకి ఆస్తి అన్నా, ఊరన్నా అదే.

అగ్రిమెంటు టేకాకుల మీద రాశారు. డెబ్బై రెండు ఆకులు. పైడన్న మొదటి ఆకూ చివరి ఆకూ చదివి, అన్నిటి కిందా గిట్టముద్ర వేశాడు. మధ్య ఆకులు ఎవరు చదువుతారు? రాసినవాడు చదువుతాడు. రాసినవాడు ఇంజనీరు జంబుకరావు, అంటే నక్క.

పని చెప్పుకుంటే సులువే. వాగుకి అడ్డంగా గొయ్యి తవ్వాలి, దాన్ని బంకమట్టితో నింపి పైన కట్ట లేపాలి, నీటి దెబ్బకి కట్ట కరిగిపోకుండా లోపలి వైపు రాయి పేర్చాలి. ఆ రాయి గద్దల కొండ నుంచి మోసుకురావాలి. గొయ్యి నాలుగు నిలువుల లోతు, అంతా మెత్తమన్నే అని ఎస్టిమేటు. కూలి దర్బారు కొట్టు నుంచి గడ్డిమోపుల్లో ఇస్తారు. వానలు దిగేలోపు పూర్తి కాకపోతే రోజుకి పది మోపులు జరిమానా.

గంగులు మేస్త్రీ తన అరవై గాడిదల్నీ తోలుకొచ్చి పనిలో దించాడు. గంగులూ గాడిదే. మాట తక్కువ, చాకిరీ ఎక్కువ. రెండు నిలువులు హాయిగా దిగారు. మూడో నిలువులో గిట్ట ఖంగుమంది.

"పైడన్నా, ఇలా రా ఓసారి," అని గోతిలోంచి పిలిచాడు గంగులు. "ఇది మన్ను కాదు. బండ."

"ఓ మూల తగిలిందేమో, పక్కన తవ్వించు."

"ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇదే. నా కుర్రాళ్ళ గిట్టలు చూడు, నెత్తురు కారతన్నాయి."

పైడన్న గోతిలోకి దిగి మూతి ఆనించి చూశాడు. చల్లగా, నల్లగా, మందంగా ఉంది. పని ఆపించి జంబుకరావుకి కబురు పెట్టాడు. ఆ విషయంలో మాత్రం అతన్ని తప్పు పట్టలేం. ఆపడం వచ్చింది పాపం, ఆపి ఉంచడం రాలేదు.

జంబుకరావు మర్నాడు వచ్చాడు. గోతి గట్టు మీద నిలబడి, తోక తడవకుండా పైకెత్తుకుని, లోపలికి తొంగి చూశాడు.

"ఎందుకాపావు పైడన్నా?"

"బండండి ఇంజనీరు గారూ. ఎస్టిమేటులో మెత్తమన్నని ఉందండి."

"భూమి లోపల ఏముందో నాకేం తెలుస్తుందయ్యా? పైనుంచి చూసి రాశాను. ఆపితే ఎలా? వానలకి నలభై రోజులుంది. గడువు దాటితే జరిమానా నేను వెయ్యక్కర్లేదు, ఆకే వేస్తుంది."

"బండకి వేరే రేటు ఇప్పిస్తే తవ్విస్తానండి. మన్ను రేటుకి బండ తవ్వితే నా కొంప మునుగుతుంది."

"ఇవ్వకుండా ఎక్కడికి పోతుంది? అదనపు పనికి అదనపు రేటు. నువ్వు తవ్వుతూ ఉండు. పైనుంచి ఆర్డరు తెప్పిస్తాను."

పైడన్న చాలా మెల్లగా, "ఆ మాటే ఓ ఆకు మీద రాసిచ్చి, బండని ఓసారి కొలిపిస్తే..." అన్నాడు.

జంబుకరావు ముఖం మాడిపోయింది. "అంటే నా మాట మీద నీకు నమ్మకం లేదన్నమాట. సరే, రాసిస్తాను. ముందు దర్బారుకి రాస్తాను, వాళ్ళు కమిటీ వేస్తారు, కమిటీ వచ్చి చూస్తుంది. ఈలోగా వానలొస్తాయి, గొయ్యి పూడిపోతుంది, అడవి మళ్ళీ ఎండుతుంది. పైడన్న కాగితం అడిగాడు కాబట్టి ఎండిందని అందరికీ నేనే చెబుతాను. అలాగే కానిద్దామా?"

చుట్టూ గాడిదలు చూస్తున్నాయి. గట్టు మీద నాలుగు లేళ్ళు నాలుకలు బయటపెట్టుకుని చూస్తున్నాయి. పైడన్నకి సిగ్గేసింది. పెద్ద ఉద్యోగస్తుణ్ణి పట్టుకుని నలుగురిలో కాగితం అడగడం అంటే, నువ్వు దొంగవి అని మొహం మీద అన్నట్టే అనిపించింది. మన వైపు ఎద్దుల్ని కాడి కంటే ఎక్కువ వంచింది ఈ మొహమాటమే.

"అయ్యో, అంత మాటెందుకండీ. తవ్విస్తాను," అన్నాడు.

"అదీ మాటంటే!" అని జంబుకరావు వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. "అన్నట్టు, ఈ తీసిన బండ ముక్కలు ఊరికే గట్టున పడెయ్యకు. కట్ట లోపలి వైపు పేర్చడానికి ఇవే వాడు. గద్దల కొండ దాకా మోత దేనికి? గాడిదలు ఎలాగూ అలిసిపోయాయి కదా."

ఎంత మంచివాడు, గాడిదల కష్టం కూడా చూస్తున్నాడు అనుకున్నాడు పైడన్న. ఆ ఒక్క మాటకి అతనికి కళ్ళు చెమర్చాయి కూడా. తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

బండ తవ్వకం అంటే మాటలు కాదు. మన్ను తవ్వే గాడిదలు ఆరు కలిసి రోజుకి ఒక మోపు తింటే, బండ పగలగొట్టే ఆరు గాడిదలు మూడు మోపులు తింటాయి. ఇరవై రోజుల్లో దర్బారు ఇచ్చిన గడ్డంతా అయిపోయింది. పైడన్న తన మంద కోసం వేసుకున్న గడ్డివామి కూడా విప్పాడు. అదీ అయిపోయింది. గొయ్యి ఇంకా అర నిలువు ఉంది.

అప్పుడతను వరహాలు దగ్గరికి వెళ్ళాడు. వరహాలు అడవిపంది. వడ్డీకి మోపులు తిప్పుతాడు.

"నాలుగొందల మోపులా? ఇస్తాను బాబూ, ఎందుకివ్వను," అన్నాడు వరహాలు. "బీడు తాకట్టు పెట్టు. మూడో వేసవి ఆఖరి రోజుకి నా మోపులు నాకు చేరాలి. చేరకపోతే బీడు నాది. రాసుకుందాం మరి. నోటిమాట మీద నేను పేడకడి కూడా ఇవ్వను."

ఇంటికొచ్చి చెబితే అతని భార్య గౌరమ్మ మేస్తున్న తల ఎత్తింది. తెల్లటి ముసలావు, ఏ విషయమైనా చుట్టూ తిప్పి మాట్లాడే అలవాటు లేదు.

"పంది నీ దగ్గర రాయించుకున్నాడు కదా మావా. నక్క దగ్గర నువ్వేం రాయించుకున్నావు?"

"ఆయన సర్కారు ఉద్యోగస్తుడే. వరహాలు లాంటోడా?"

"కాదులే. వరహాలు రాసి మరీ దోచుకుంటాడు."

"పని మధ్యలో ఆపితే జరిమానాకి ఎలాగూ బీడు పోద్ది. పూర్తి చేస్తే అదనపు రేటు వస్తుంది. నాలుగొందలూ వాడి మొహాన కొడతాను. బీడెక్కడికీ పోదు గౌరీ."

గౌరమ్మ తల వంచి గడ్డి కొరికింది గానీ, నమలడం మర్చిపోయింది.

వానలకి ఆరు రోజుల ముందు కట్ట పూర్తయింది. గొయ్యి మూసేముందు పైడన్న మూడుసార్లు కబురు పెట్టాడు, వచ్చి బండ కొలుచుకోమని. జంబుకరావు ఒకసారి క్యాంపులో ఉన్నాడు, ఒకసారి జ్వరంలో ఉన్నాడు, మూడోసారి, "నువ్వు మూసెయ్యి, నాకు తెలియదా," అని కబురు పంపాడు. మూసేశాడు. తొలి వానకే చెరువు నిండింది. సింహం స్వయంగా వచ్చి కడుపునిండా తాగి, "భేష్ జంబుకరావ్," అన్నాడు. జంబుకరావుకి ప్రమోషన్ వచ్చింది. పైడన్నకి కొబ్బరి చిప్ప వచ్చింది.

ఆ తర్వాత తిరుగుడు మొదలైంది. మొదట్లో జంబుకరావు ఎదురొచ్చి పలకరించేవాడు. తర్వాత కూర్చోబెట్టి మాట్లాడేవాడు. ఆ తర్వాత గుహ బయట నిలబెట్టేవాడు. ఎనిమిది నెలలకి ఓ ఆకు వచ్చింది. 'రాతపూర్వకమైన ఆర్డరు లేదు. మూసేయకముందు తీసిన కొలత లేదు. కావున అదనపు ఖర్చు కోరుట చెల్లదు.'

పైడన్న ఆ ఆకు పట్టుకుని జంబుకరావు దగ్గరికి పరుగెత్తాడు.

"ఇది తమరు రాసిందేనాండీ?"

"సంతకం నాదే. రాసింది ఆఫీసు."

"తవ్వమన్నది తమరే కదండీ!"

"పైడన్నా, నేను నిన్ను తవ్వమన్నానని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆఫీసుకి తెలియదు. అలా తెలిస్తే ముందు నా ఎస్టిమేటు తప్పని తేలుతుంది. నాకూ పిల్లలున్నారయ్యా." ఈ మాట జంబుకరావు కోపంగా అనలేదు. చాలా మర్యాదగా, దాదాపు బాధగా అన్నాడు.

ఇక మిగిలింది కోర్టు. ఆ అడవికి జడ్జి తాబేలు. వయసు ఎవరికీ తెలియదు. లంచం పుచ్చుకోడు, అరవడు, తొందరపడడు. ఆ చివరిదే పైడన్నని చంపింది. ఆకులు దాఖలు చెయ్యడానికి ఒక వాయిదా, జవాబుకి ఒక వాయిదా, జవాబు మీద జవాబుకి మరోటి. చలికాలం నిద్రకి తాబేలు నాలుగు నెలలు డొప్పలోకి వెళ్ళిపోతే అదీ వాయిదాయే. ఒక వేసవి పోయింది, రెండో వేసవి పోయింది. మూడో వేసవి చివర, వరహాలు గడువుకి పన్నెండు రోజులు ఉందనగా, వాదనలు మొదలయ్యాయి.

పైడన్న గంగుల్ని సాక్షిగా తెచ్చుకున్నాడు. దర్బారు తరఫున జంబుకరావే నిలబడ్డాడు.

"నీ కళ్ళతో బండ చూశావా గంగులూ?" అడిగాడు తాబేలు.

"చూడ్డమేంటి ప్రభూ, పగలగొట్టాను. ఇదిగో గిట్ట, ఇప్పటికీ వంకరే."

"నీకు గడ్డి ఎవరు పెట్టారు?" అడిగాడు జంబుకరావు.

"పైడన్నే."

"తిన్న గడ్డికి మాట చెబుతున్నాడు ప్రభూ. గిట్ట వంకరని కొలతల పుస్తకంలో ఎక్కించలేం కదా."

గంగులు వంకర గిట్టని మళ్ళీ నేల మీద ఆనించాడు.

తాబేలు డొప్పలోంచి మెడ ఇంకాస్త బయటికి చాపి పైడన్న వైపు చూశాడు. చూపులో దయ ఉంది. దాన్ని చూసే పైడన్నకి ధైర్యం వచ్చింది, దాన్ని చూసే మునిగాడు కూడా.

"పైడన్నా, ఆర్డరు లేదు, కొలత లేదు. నిన్ను నేనెలా నమ్మాలి? ఒక్కటి చెప్పు. నిజంగా అంత బండ తీస్తే ఆ రాయి ఏమైంది? రాయి ఆవిరైపోదు కదా. ఎక్కడుంది?"

మూడేళ్ళలో మొదటిసారి పైడన్న ముఖం వికసించింది. ఇంత సులువైన సాక్ష్యం కళ్ళెదుట పెట్టుకుని ఆకుల కోసం వెతికానే అనుకున్నాడు. గొంతు పెద్దది చేసి చెప్పాడు.

"కట్ట మీదే ఉంది ప్రభూ! లోపలి వైపు పేర్చిన రాయి చూడండి, అదంతా గోతిలోంచి తీసిందే. కొండ రాయి ఎర్రగా ఉంటుంది, ఇది నల్లగా ఉంటుంది. గద్దల కొండ నుంచి ఒక్కటంటే ఒక్క రాయి తేలేదు!"

పైడన్న అటూ ఇటూ చూశాడు. గంగులు తల దించుకుని ఉన్నాడు. జంబుకరావు మాత్రం మెల్లగా ముందుకొచ్చాడు.

"ఒక్క రాయి కూడా కొండ నుంచి తేలేదు. ఆ మాట రాసుకోండి ప్రభూ," అన్నాడు. "ముప్పై ఒకటో ఆకు. కట్ట పేర్పుకి వాడే రాయి గద్దల కొండ నుంచి తేవాలి, అందుకు మోతకూలి రెండొందల మోపులు. ఆ రెండొందలూ ఇతను పుచ్చుకున్నాడు. ముద్ర ఉంది. తేని రాయికి మోత తీసుకున్నట్టు తన నోటితోనే ఒప్పుకున్నాడు. పైగా గోతిలో దొరికిన రాయి దర్బారు ఆస్తి, అది నలభయ్యో ఆకు. దాన్ని అడగకుండా వాడాడు."

"వాడమన్నది మీరే కదండీ!" అని అరిచాడు పైడన్న. "గాడిదలు అలిసిపోయాయి అన్నారు!"

"ఎక్కడ రాసిచ్చాను?"

పైడన్న సాయం కోసం తాబేలు వైపు తిరిగాడు.

తాబేలు అన్నాడు, "జంబుకరావ్, ఆ రాయి గోతిలోంచి వచ్చిందని నువ్వే అంటే, గోతిలో బండ ఉందని నువ్వే ఒప్పుకున్నట్టు."

"ఒప్పుకుంటాను ప్రభూ. ఉంది, తవ్వాడు. ఎస్టిమేటు పైనుంచి చూసి రాసింది, తప్పిందనే అనుకోండి. ఆర్డరు లేకుండా తవ్వాడు కాబట్టి అది అతని ఇష్టం, దానికి ఇవ్వాల్సింది లేదు. మోతకూలి ఆకు ప్రకారం తీసుకున్నాడు కాబట్టి తిరిగి ఇవ్వాలి. రెండూ ఆకుల్లోనే ఉన్నాయి. చదివి చూసుకోండి."

తాబేలు చదివాడు. ఆ పూటంతా చదివాడు. డెబ్బై రెండు ఆకుల్లో పైడన్న వైపు మాట్లాడే ఆకు ఒక్కటి కూడా దొరకలేదు. దొరికితే బాగుండునని అతను వెతికిన మాట నిజం. సాయంత్రానికి తీర్పు చెప్పాడు. పైడన్న అదనపు ఖర్చు కోరడం చెల్లదు. మోతకూలి రెండొందల మోపులు దర్బారుకి తిరిగి కట్టాలి.

అందరూ లేచి వెళ్ళాక పైడన్న అక్కడే నిలబడి ఉంటే తాబేలు అతని దగ్గరికి పాక్కుంటూ వచ్చాడు.

"నువ్వు చెప్పింది నిజమని నాకు తెలుసు పైడన్నా."

"తెలిస్తే మరి ప్రభూ..."

"తెలిసింది రాయడానికి నాకు చోటు లేదు. ఆకుల్లో ఉన్నదే రాయాలి. నేను ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది." ఇలా చెప్పి తాబేలు తల డొప్పలోకి లాక్కున్నాడు. ఆ తల మళ్ళీ బయటికి వస్తుందేమోనని పైడన్న చీకటి పడేదాకా చూశాడు.

పన్నెండో రోజు పొద్దున్నే వరహాలు తన పందులతో వచ్చాడు. తాకట్టు ఆకు చూపించాడు. పైడన్న చూడలేదు, అక్కర్లేదన్నట్టు తలాడించాడు. మంద లేచింది. ముసలి ఆవులు రెండు లేవలేక లేచాయి. ఈనడానికి నెల ఉన్న పెయ్య ఒకటి వెనక్కి వెనక్కి తిరిగి చూస్తూ నడిచింది. పందులు అప్పటికే దుంపల కోసం బీడుని ముట్టెలతో తిరగేస్తున్నాయి. గౌరమ్మ దూడల్ని పోగుచేసి ముందు నడిచింది. తిడితే బాగుండును, కొంచెం తేలికయ్యేది అనిపించింది పైడన్నకి.

అడవి దాటాలంటే దారి కట్ట మీదుగానే. ఎండ మండుతోంది. కుడిచేతి వైపు చెరువు నిండుగా, నల్లరాళ్ళ దాకా నీళ్ళు. దూడలు నీళ్ళ వాసనకి కట్ట దిగబోయాయి. కాపలా కోతి అడ్డం వచ్చింది. కొత్తగా వచ్చిన ఉద్యోగం, కొత్త కర్ర.

"ఆగండాగండి. మీ బీడు ఏది?"

"మాకు బీడు లేదు," అన్నాడు పైడన్న.

"అయితే నీళ్ళు లేవు పెద్దాయనా. ఈ అడవిలో బీడున్నవాళ్ళకే ఈ చెరువులో తాగే హక్కు. నన్ననకండి, నేను పెట్టిన రూలు కాదు."

గౌరమ్మ ముందుకొచ్చింది. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా నువ్వు? ఈ కట్ట కట్టింది ఈయనే. నువ్వు నిలబడిన రాయి ఈయన తీయించిందే."

కోతి ఇబ్బందిగా పైడన్న కేసి చూసింది. "నిజమేనా పెద్దాయనా? అలా ఎక్కడైనా రాసుందా?"

పైడన్న నీళ్ళ వైపు చూశాడు. రాళ్ళ వైపు చూశాడు. నాలుక బయటపెట్టిన దూడల్ని చూశాడు.

"లేదు నాయనా," అన్నాడు. "మీ రూలు రాసుందా?"

"ఉందండి. దర్బారు ముద్ర కూడా ఉంది."

"అయితే సరే," అని పైడన్న దూడల్ని కొమ్ముతో మెల్లగా పక్కకి తోసి, మందని ఎండలోకి నడిపించాడు.

నీతి: నోటితో పని చెప్పి కాగితంలో జవాబు అడిగేవాడి దగ్గర, రాసిమ్మని అడిగితే మొహమాటం ఒక్క నిమిషమే, అడక్కపోతే జన్మంతా పడ్డ కష్టం పోతుంది.